పాశ్చరు గుమ్మమున నిలిచిన బాలుడు

1885వ సంవత్సరము జూలై 4వ తేదీ ఉదయము. అప్పుడు జర్మనీ ఏలుబడిలో నుండిన ఆల్సేస్ సీమలో జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలుడు ఒంటరిగా బడికి పోవుచుండెను. త్రోవలో ఒక కుక్క వానిపైకి దుమికెను. వాడు చేతులతో ముఖము కప్పుకొని నేలపై పడిపోయెను. కుక్క వాని చేతిని, కాళ్ళను, తొడలను కఱచెను. దానిని చూచిన తాపీపనివాడొకడు ఇనుపకడ్డీతో కుక్కను తఱిమి బాలుని కాపాడెను. గాయములు పదునాలుగు. వైద్యుడు వానిని కార్బాలిక్ ఆమ్లముతో కాల్చెను గాని, అప్పటికే పండ్రెండు గంటలు గడచెను. కుక్కను చంపి కడుపు కోసి చూడగా అందు గడ్డియు, కొయ్యముక్కలును కనబడెను. అది వెఱ్ఱికుక్క యని అందఱును నిశ్చయించిరి.

పారిస్ నగరములో లూయీ పాశ్చరు అను శాస్త్రజ్ఞుడున్నాడని విని, తల్లి బిడ్డను వెంటబెట్టుకొని జూలై 6వ తేదీన అచటికి చేరెను. కుక్క యజమానియు వారితో వచ్చెను. అతనినికూడ కుక్క పట్టినది గాని చొక్కా చిరుగలేదు. చర్మము తెగనిచో భయము లేదని పాశ్చరు అతనిని ఇంటికి పంపివేసెను.

బాలుని సంగతి అట్టిది కాదు. పాశ్చరు వ్యాధితో చచ్చిన కుందేళ్ళ వెన్నుపాములను పొడిగాలి గల సీసాలలో వ్రేలాడదీసి ఎండబెట్టుచుండెను. ఎండినకొలది వానిలోని విషము సన్నగిల్లును. ఆ మందుతో ఏబది కుక్కలకు రక్షణ కలిగినది నిజమే. మనుష్యులయందు దాని గుణము ఇంకను రుజువు కాలేదు. పైగా పాశ్చరు వైద్యుడు కాడు. మందు వికటించినచో బిడ్డను చంపినవాడను అపకీర్తి మిగులును. ఊరకున్నచో బిడ్డ దక్కుట దుర్లభము. వుల్పియన్, గ్రాంషే అను వైద్యులు చికిత్స చేయవలసినదే యనిరి. ఆ రాత్రి ఎనిమిది గంటలకు గ్రాంషే మొదటి సూది వేసెను. పదునైదు దినములు ఎండిన వెన్నుపాముతో ఆరంభించి, దినదినము తీవ్రత హెచ్చించుచు, పది దినములలో పదుమూడు సూదులు వేసిరి. కడపటిది ఒక్క దినము మాత్రమే ఎండినది! ఆ దినములలో పాశ్చరునకు కంటికి కునుకు లేదు. బాలుడు బ్రదికెను. పెద్దవాడైన పిమ్మట పారిస్‌లోని పాశ్చరు సంస్థయందే ద్వారపాలకుడుగ పనిచేసెను.

అదే యేట లూయీజ్ పెల్టియే అను పదేండ్ల బాలికను తీసికొనివచ్చిరి. కాటు తలమీద, అప్పటికి ముప్పదియేడు దినములు గడచెను. ఆ బిడ్డ దక్కలేదు. కారణము విచారించినచో ఈ వ్యాధి నడక తెలియును. కాటులోని వైరస్ నరముల వెంబడి మెల్లగా మెదడునకు ప్రాకును. అది చేరుటకు సాధారణముగ కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. ఆ లోపల టీకా శరీరమునందు రక్షకశక్తిని పుట్టింపవలయును. ముఖము, తల మెదడునకు దగ్గఱ. పిల్లలు పొట్టివారగుటచే కుక్కకాటు వారికి ఆ భాగములందే తఱచుగ తగులును.

మన దేశమున నీలగిరులలోని కూనూరునందు 1907లో పాశ్చరు సంస్థ వెలసెను. గొఱ్ఱెమెదడుతో చేసిన మందును బొడ్డు చుట్టు పొడుచు రోజులవి. ఆ సూదుల తలంపునకే పిల్లలు కాటును దాచెడివారు! ఆ మందు తయారీ 2004తో ముగిసెను. ఇప్పటి టీకాను పెద్దపిల్లలకు భుజమునకు, పసివారికి తొడ వెలుపలి ప్రక్కన వేయుదురు, పిరుదులకు వేయరాదు. కండకు వేయు పద్ధతిలో మొదటి దినము, తరువాత 3, 7, 14, 28వ దినములు. పసిబిడ్డయైనను టీకా మోతాదు పెద్దవారితో సమానమే. నెత్తురు వచ్చిన గాయమైనచో, దానిలోను చుట్టును ఇమ్యునోగ్లోబులిన్ అను మందునుకూడ ఎక్కింతురు.

వీనికన్న ముందు ఇంటిలో జరుగవలసిన పని యొకటి కలదు. గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిక్రింద పదునైదు నిమిషములు కడుగవలయును. కారము, సున్నము, కాఫీపొడి అద్దుట హాని. మాటలు రాని పసివాడు కుక్కపిల్లతో ఆడి యేడ్చుచు వచ్చినచో, వాని ఒడలంతయు వెదకి చూడవలసినవారు ఇంటి పెద్దలే. గీరినంత మాత్రపు గాయమైనను ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోవలయును.