మట్టి మెరుగు

మరిపెడలో ఒక కుమ్మరి ఇల్లు. మరిపెడ 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

వాకిట్లో అత్త కూర్చుంది. ఆమె చేతిలో పచ్చి చిలుము ఉంది. చిలుము అంటే పొగాకు తాగే మట్టి గొట్టం. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. అత్త దాన్ని గులకరాయితో రుద్దుతోంది. పక్కన గంప నిండా చిలుములు ఉన్నాయి. అవి నిరుడు చేసినవి. అమ్ముడు పోలేదు.

కోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"అత్తమ్మా, ఇంతసేపు ఎందుకు రుద్దుతున్నవ్?"

"రుద్దితేనే మెరుగు వస్తది బిడ్డా. మెరుగు లేకుంటే అంగట్ల ఎవరు చూస్తరు?"

"రంగు డబ్బా తెచ్చి పూస్తే అయిపోతది కదా!"

"వద్దు బిడ్డా. చిలుములో నిప్పు పెడతరు. రంగు కాలుతది. ఆ పొగ మనిషి లోపలికి పోతది. మన మెరుగు మట్టితోనే రావాలె."

మెరుగు ఎలా వస్తుంది?

అత్త పని ఇలా చేస్తుంది. ముందు ఎర్రమట్టిని నీళ్ళలో నానబెడుతుంది. గుడ్డతో వడకడుతుంది. ఇసుక, రాళ్ళు పోతాయి. సన్నని మట్టినీళ్ళు మిగులుతాయి. చిలుము సగం ఆరాక ఆ నీళ్ళు పూస్తుంది. కొంచెం ఆరనిచ్చి నున్నటి రాయితో రుద్దుతుంది.

మరీ పచ్చిగా ఉంటే వేలి గుర్తులు పడతాయి. మరీ ఎండితే గీతలు పడతాయి. సరైన సమయం చేతికి తెలియాలి. రుద్దితే పైమట్టి అణిగి నున్నగా అవుతుంది. సన్నని రంధ్రాలు మూసుకుంటాయి. అందుకే మెరుస్తుంది.

తరువాత ఆవంలో కాలుస్తారు. గాలి బాగా ఆడితే చిలుము ఎర్రగా కాలుతుంది. మట్టిలో ఇనుము ఉంటుంది. ఆ ఎరుపు దానిదే. చివరలో ఊక, పేడ వేసి గాలి ఆడకుండా మూస్తే లోపల పొగ కమ్ముతుంది. అప్పుడు చిలుము నల్లగా అవుతుంది. మట్టి ఒకటే, రంగులు రెండు.

బీదర్ హుక్కా

కోడలు ఈమధ్యే చదువు నేర్చుకుంది. ఆమె పుస్తకంలో ఒక హుక్కా బొమ్మ ఉంది. నల్లటి హుక్కా మీద తెల్లటి వెండి పూలు. కోడలు కూడబలుక్కుని చదివింది. అత్త రుద్దుతూ విన్నది.

అది బీదర్ పని. దాన్ని బిద్రీ పని అంటారు. బీదర్ ఇప్పుడు కర్ణాటకలో ఉంది. 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. అక్కడ జింకులో కొంచెం రాగి కలిపి కరిగించి పోత పోస్తారు. ఉలితో పూలు, తీగలు చెక్కుతారు. ఆ గీతల్లో వెండి తీగను సుత్తితో కొట్టి కూర్చుతారు.

చివరి పని మట్టిది. బీదర్ కోట పాతమట్టి తెస్తారు. దానికి నవాసారం, నీళ్ళు కలిపి వేడి చేసి పూస్తారు. జింకు నల్లబడుతుంది. వెండి నల్లబడదు. పూలు తెల్లగా తేలుతాయి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇలాంటి హుక్కాలు చూడవచ్చు.

"వాళ్ళకు కూడా మట్టే మెరుగు ఇచ్చిందన్న మాట!" అన్నది అత్త.

మెరుగు వేరు, పొగ వేరు

పుస్తకంలో ఇంకొక సంగతి ఉంది. సుమారు 1604లో అసద్ బేగ్ అనే అధికారి బీజాపూర్ నుంచి పొగాకు తెచ్చాడు. రత్నాలు పొదిగిన పొగగొట్టం కూడా చేయించి తెచ్చాడు. అక్బర్ చక్రవర్తి ముందు పెట్టాడు. చక్రవర్తి రెండు మూడు సార్లు పీల్చాడు. ఇక వద్దని వైద్యుడు ఆపాడు.

రత్నాలు పొదిగినా పొగ పొగే. పొగాకు వల్ల నోటికి, గొంతుకు, ఊపిరితిత్తులకు కేన్సర్ వస్తుంది.

అత్త రాయి పక్కన పెట్టింది. "తాగేటోళ్ళు తగ్గుడు మంచిదే. కాని బిడ్డా, చిలుము పోతే నా చేతిపని ఏం గావాలె?"

కోడలు మళ్ళీ చదివింది. బీదర్‌లో కూడా హుక్కాలు కొనేవాళ్ళు తగ్గారు. పనివాళ్ళు అదే పనిని పూలకుండీల మీద, పెట్టెల మీద, గాజుల మీద చేశారు. పని నిలిచింది. 2023లో బీదర్ పనివాడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది.

అత్త కొంతసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి పోయి పచ్చి కూజా తెచ్చింది. దాని మెడ దగ్గర మట్టినీళ్ళు పూసింది. ఆరనిచ్చి రుద్దడం మొదలుపెట్టింది.

"దీనికి ధర ఎంత చెప్పాలె?" అన్నది కోడలు.

"మామూలు కూజా ధరే. రుద్దినందుకు ఎవరు పైసలిస్తరు?"

"సారె తిప్పిన మామ కూలి లెక్కేస్తం. నువ్వు పొద్దంతా రుద్దినది ఎందుకు లెక్కెయ్యం అత్తమ్మా?"

అత్త నవ్వింది. "అయితే నువ్వే రాయి. చదువుకున్నవ్ గదా!"

కోడలు పలక తెచ్చింది. మట్టి, కట్టెలు, సారె పని అని రాసింది. వాటి కింద ఇంకొక మాట రాసింది: రుద్దిన పని.

చెప్పండి, రాయండి

1. మట్టి ఎప్పుడు ఎర్రగా కాలుతుంది? ఎప్పుడు నల్లగా అవుతుంది?
2. బిద్రీ పనిలో వెండి ఎందుకు తెల్లగా మిగులుతుంది?
3. మీ ఇంట్లో లెక్కకు రాని ఆడవాళ్ళ పనులు ఏవి? ఐదు రాయండి.
4. అత్త ఒక కూజాను 2 గంటలు రుద్దింది. మీ ఊరి కూలి ప్రకారం ఆ పని ధర ఎంత? లెక్క కట్టండి.