అద్దె యింటివారికిని హక్కు గలదు

ప్రశ్న: మేము తెలంగాణము నుండి వచ్చి సూరత్ జిల్లాలోని కామ్‌రేజ్‌లో అద్దె యింట కాపురమున్నాము. వీధిలో మురుగునీరు నిలిచిపోవుచున్నది. మాకు గుజరాతీ వ్రాయుట రాదు. ఓటు స్వగ్రామముననే యున్నది. మేము ఎవరి నడుగవలెను? అడుగుటకు మాకు హక్కు గలదా?

సమాధానము: నిస్సంశయముగా గలదు. పారిశుద్ధ్యము, త్రాగునీరు, వీధిదీపములు మున్నగునవి స్థానికసంస్థ నివాసులందరకును సమకూర్చవలసిన సేవలే గాని, గృహయజమానులకును ఓటర్లకును మాత్రమే దక్కు అనుగ్రహములు కావు. నేతపనికై కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమల నుండి తరలిపోయి సూరత్ పరిసరముల తరతరములుగా నివసించుచున్న మనవారిలో ననేకులు, పరాయిచోట మన మాట యెవరు విందురను జంకుచేతనే తమకు చట్టము ప్రసాదించిన అధికారమును వినియోగింపక యూరకున్నారు.

మొదట మీ వీధి యెవరి యధీనమున నున్నదో తెలిసికొనవలెను. కామ్‌రేజ్ తాలూకాలోని కొన్ని గ్రామములు 2020లో సూరత్ మహానగరపాలికలో విలీనమైనందున, ఇరుగుపొరుగు వీధులే వేర్వేరు కార్యాలయముల పరిధిలో నుండవచ్చును. యజమాని యింటిపన్ను రసీదుపై నున్న పేరు చూచినచో సందేహము తీరును. పంచాయతీ యైనచో దాని కార్యదర్శి యగు తలాటీకిని, మహానగరపాలిక యైనచో జోన్ కార్యాలయమునకును అర్జీ పెట్టవలెను.

నోటిమాటగా చెప్పి రావలదు. మురుగు నిలిచిన స్థలమును, ఎన్నాళ్లనుండి నిలిచినదో ఆ కాలమును తెలుపుచు రెండు ప్రతులు వ్రాసి, ఒకటి సమర్పించి, రెండవదానిపై తేదీతో కూడిన ముద్ర వేయించుకొనుడు. తీసికొన నిరాకరించినచో స్పీడ్ పోస్టున పంపి రసీదు భద్రపరచుకొనుడు.

భాషను గూర్చి బెంగ వలదు. కేంద్రమునందు గాని రాష్ట్రమునందు గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను తన కష్టమును అధికారికి విన్నవించుకొను హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము ప్రతివ్యక్తికిని ఇచ్చినది. ఐనను పని త్వరగా సాగవలెనన్నచో తెలిసినవారిచే గుజరాతీలో వ్రాయించుటయే మేలు.

ఫలితము కానరానిచో, పంచాయతీ విషయమున తాలూకా వికాస అధికారికి నివేదింపుడు. ప్రజల ఫిర్యాదులను వినుటకై ప్రభుత్వము ప్రతినెల నాలుగవ బుధవారము జరుపు తాలూకా స్వాగత్ కార్యక్రమమునందును ఫిర్యాదు వినిపింపవచ్చును. అదియునుగాక, మీ అర్జీపై తీసికొన్న చర్యయేమో, కాలువ మరమ్మతుకై వ్యయమైన ధనమెంతయో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద అడుగుడు. గుజరాత్‌లో దరఖాస్తు రుసుము 20 రూపాయలు. దరఖాస్తు హిందీలో నున్నను చెల్లును. వ్రాయలేనివారు నోట చెప్పినచో దానిని వ్రాతలో పెట్టుటకు సమాచారాధికారి తోడ్పడవలెనని 6వ సెక్షను శాసించుచున్నది. 30 దినములలో సమాధానము రానిచో, ఆపై 30 దినములలోపల మొదటి అప్పీలు చేసికొనవచ్చును.

మురుగు సంగతి యటుండ, జననము మున్నగు ధ్రువపత్రముల విషయమునను గడువు మరువరాదు. శిశువు కామ్‌రేజ్‌లో జన్మించినచో జననము నమోదు కావలసినది అచ్చటనే గాని స్వగ్రామమున కాదు. 21 దినములలోపల నైనచో రుసుము లేదు. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. ఇతర సేవలలో ప్రభుత్వము ప్రకటించినవానిని నిర్ణీత కాలములోపల అందింపవలెనని గుజరాత్ 2013లో ప్రత్యేక చట్టమే చేసినది.

ఇక ఓటు సంగతి. అర్జీ పెట్టుటకు ఓటు అక్కరలేదు. గ్రామసభలో సభ్యత్వమునకు మాత్రము ఆ గ్రామపు ఓటర్ల జాబితాలో పేరుండి తీరవలెను. జాబితాలో చేరుటకు సొంతయిల్లు నిబంధన కాదు, సాధారణ నివాసమే ప్రమాణము. రెండుచోట్ల ఓటుండుట చట్టవిరుద్ధము గనుక 8వ నమూనాపత్రముతో మార్పించుకొనవలెను. బ్రతుకు కామ్‌రేజ్‌లో నున్నవారు ఓటును స్వగ్రామముననే యుంచుకొనుట వలన రెండుచోట్లను అతిథులుగా మిగులుదురు. కావున అర్జీతోపాటు ఈ మార్పునకును నేడే పూనుకొనుడు.