కుక్క చెవి – దాని రోగములు, రక్షణము

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల పల్లెలలో కళ్లమునకు, ఇంటికి, గొఱ్ఱెల మందకు కావలి కాయునది కుక్క. నల్లమల యంచున రాత్రివేళ చిరుతపులి మందను సమీపించినపుడు కాపరికంటె ముందు దాని యలికిడిని వినునది కుక్కయే. మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనములు గల ధ్వని వఱకే వినగలదు. కుక్క చెవి సుమారు 45,000 వఱకు వినగలదు. అట్టి చెవి చెడినచో కావలియే చెడును.

అంతేగాక, చెవిపోటుతో నున్న కుక్క తల తాకినంతనే గుఱ్ఱుమనును, ఒక్కొక్కప్పుడు కఱచును. కారణ మెఱుగని వారు దానిని దుష్టజంతు వని కొట్టి తఱిమివేయుదురు. నోరులేని జీవికి గుర్తులే మాటలు. వానిని చదువ నేర్చుకొందము.

చెవి నిర్మాణము: కుక్క చెవినాళము వడ్రంగి మూలమట్టమువలె నుండును. మొదట నిలువుగా దిగి, పిదప అడ్డముగా మలుపు తిరిగి కర్ణభేరిని చేరును. కావున నీరు, దుమ్ము, గడ్డిముల్లు లోనికి దిగుట సులభము. వెలికి వచ్చుట కష్టము. చెవులు వ్రేలాడు జాతులలో గాలి చొరక తేమ మఱింత నిలుచును.

కారణములు: ఆరోగ్యముగల చర్మముమీద సైతము బాక్టీరియాలు, ఈస్టు అను శిలీంధ్రము కొద్దిగా నుండును. కుందూ నదిలోనో, కర్నూలు–కడప కాలువలోనో ఈదిన కుక్క చెవి తడి యారకున్నచో నవి విపరీతముగా పెరుగును. చెవిలో నివసించు సూక్ష్మమైన పురుగులు ముఖ్యముగా కుక్కపిల్లలను బాధించును. ఇవి ఒకదానినుండి మఱియొకదానికి, పిల్లులకును అంటును. గోమారులు, గడ్డిముండ్లు వేఱు కారణములు. రోగము మాటిమాటికి వచ్చుచున్నచో చర్మమునకో, ఆహారమునకో సంబంధించిన ఎలర్జీ మూలమై యుండవచ్చును.

గుర్తులు:
1. మాటిమాటికి తల విదిలించుట, చెవి గోకుకొనుట.
2. చెవి లోపల ఎఱ్ఱబాఱుట, వాచుట, దుర్గంధము.
3. గోధుమరంగు గులిమి లేక పసుపుపచ్చని చీము. కాఫీపొడివంటి నల్లని గులిమి యున్నచో పురుగులను శంకింపవలెను.
4. చెవి తాకనీయకుండుట.
5. తల నొక ప్రక్కకు వంచి తూలి నడచుట. రోగము లోపలి చెవికి ప్రాకె ననుట కిది సూచన, ఆలస్యము తగదు.

తల మిక్కిలి విదిలించుటచే చెవిడొప్పలో రక్తము చేరి బుడగవలె ఉబ్బుటయు కలదు.

చేయరానివి: వేడినూనె, కిరసనాయిలు, ఆకుపసరు, మనుష్యుల చెవిమందు పోయరాదు. పుల్లకు దూది చుట్టి లోనికి గ్రుచ్చరాదు. గులిమి మఱింత లోనికి పోవును. కర్ణభేరికి చిల్లు పడియున్నచో కొన్ని మందులు లోపలి చెవిని చేరి చెవుడు కలిగించును. అందుచేతనే పశువైద్యుడు ముందుగా దీపముగల గొట్టముతో చెవి లోపల చూచి, గులిమిని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, తరువాతనే మందు నిర్ణయించును. గోకుట తగ్గె నని మధ్యలో మందు మానరాదు. మిగిలిన రోగము మఱల తలయెత్తును.

చేయదగినవి: వారమున కొకసారి చెవులు తెఱచి చూడుడు, వాసన గమనింపుడు. స్నానమైన పిదప, ఈత యైన పిదప మెత్తని పొడిగుడ్డతో కంటికి కనబడు భాగమును మాత్రము తుడువుడు. గడ్డిలో తిరిగి వచ్చినపుడు ముండ్లను, గోమారులను వెదకుడు. పై గుర్తులలో నేది కనబడినను పెద్దలతో చెప్పి, కుక్కను పశువైద్యశాలకు తీసికొనిపోవుడు.

హెచ్చరిక: నొప్పితో నున్న కుక్క చెవిని పిల్లలు ఒంటరిగా పట్టుకొనరాదు. కఱచినచో గాయమును సబ్బుతో, పాఱు నీటితో 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. 1885లో లూయీ పాశ్చరు మనుష్యునకు తొలిసారి ప్రయోగించిన టీకా మూలమున పిచ్చికుక్క రోగము నివారింపదగినదైనది. లక్షణములు బయలుపడిన పిదప మాత్రము ప్రాణము దక్కుట మిక్కిలి యరుదు.

అభ్యాసము:
1. కుక్క చెవిలో నీరేల నిలుచును? పటము గీసి చూపుడు.
2. వైద్యుడు చూడకముందు చెవిలో మందు పోయుట యేల ప్రమాదము?
3. మీ యింటి లేక మీ వీథి కుక్కను దూరమునుండి వారము దినములు గమనించి, అది తల విదిలించు వేళలను వ్రాసి తెండు.