కళ్లు పొడిబారుతున్నాయి... మాత్రలు మానెయ్యనా?

ప్రశ్న: నా వయసు 52. డిప్రెషన్‌కి సైకియాట్రిస్టు రాసిన అమిట్రిప్టిలిన్ కొన్ని నెలలుగా రాత్రిపూట వేసుకుంటున్నాను. మనసు కుదుటపడింది, నిద్ర పడుతోంది. కానీ ఈమధ్య కళ్లలో ఇసుక పడ్డట్టు ఒకటే గరగర, మంట. సాయంత్రానికి నీళ్లు కారుతున్నాయి. నోరూ ఎండిపోతోంది. కంటి డాక్టరు చుక్కల మందు రాశారు. ఈ మాత్రల సంగతి ఆయనకు చెప్పడానికి సిగ్గేసింది. అంతా వాటివల్లే, మానెయ్యమని మా ఆడపడుచు అంటోంది. మానెయ్యనా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: మానెయ్యకండమ్మా. మీ ఆడపడుచు అనుమానం నిజమే కావచ్చు, సలహా మాత్రం ప్రమాదం. ఉన్నట్టుండి ఆపేస్తే వికారం, ఆందోళన మొదలవుతాయి, నిద్ర చెడుతుంది. తగ్గిన డిప్రెషన్ తిరగబెట్టొచ్చు.

కన్నీటి గ్రంథికి నరాల నుంచి కబురు అందేది అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా. అమిట్రిప్టిలిన్ ఆ కబురును అడ్డుకుంటుంది. లాలాజల గ్రంథులదీ అదే పద్ధతి కాబట్టి నోరు కూడా ఎండుతోంది. మరి నీళ్లెందుకు కారుతున్నాయంటే, తడి చాలని కన్ను మండి, ఆ మంటకు ఒక్కసారిగా నీరు వదులుతుంది. అది కంటిమీద నిలవదు. వణుకు, బిగుసుకుపోవడం తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్‌కీ ఈ గుణం ఉంది. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వాడే కొందరిలోనూ కళ్లు పొడిబారతాయి. జలుబుకని సెట్రిజిన్ తోడైతే ఇబ్బంది పెరుగుతుంది. నెలసరి ఆగే వయసు కూడా ఒక కారణమే, అందుకని నేరమంతా మాత్రమీదే వెయ్యలేం.

నన్ను బాధపెట్టింది మీరు కంటి డాక్టరు దగ్గర దాచడం. బీపీ మాత్ర పేరు చెప్పడానికి లేని సిగ్గు దీనికెందుకు? మళ్లీ వెళ్లి చెప్పండి. కింది రెప్పలో 5 నిమిషాలు కాగితపు పట్టీ ఉంచి కన్నీరు ఎంత ఊరుతోందో కొలుస్తారు. సైకియాట్రిస్టుకు కళ్ల సంగతి చెప్పండి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో ఆయన చేతిలో ఉంది.

ఈలోగా కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు మేలు. రోజుకు 4 సార్లకు మించి అవసరమైతే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి. మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా కొనకండి, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి, లైట్ల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు వస్తే అది పొడిబారడం కాదు. ఈ మందులతో కొందరికి ఒక రకం గ్లాకోమా హఠాత్తుగా వస్తుంది, చూపు పోయే ప్రమాదముంది. తెల్లారేదాకా ఆగకుండా కంటి ఆసుపత్రికి వెళ్లండి, మాత్రల చీటీ వెంట తీసుకెళ్లండి.