పెరటిలో క్యాబేజీ పెంపకము

సూరతు నగరమునందు లింబాయతు మొదలగు పేటలలో తెలంగాణమునుండి వలసపోయిన తెలుగు కుటుంబములు పెక్కు కలవు. వారిలో మరమగ్గములపై పనిచేయు పద్మశాలీలు అధికులు. వారి ఇరుగుపొరుగువారు కోబీ అని పిలుచు క్యాబేజీ శీతకాలమున ఆ నగరపు బజారులలో విరివిగా దొరకును. అయినను దానిని కొనుటకు జంకు గృహిణులు కొందరు కలరు. క్యాబేజీలోని పురుగు మెదడులోనికి ప్రాకునను మాటయే ఆ జంకునకు కారణము.

ఈ మాటలో భ్రమ కొంత, సత్యము కొంత కలదు. ఆకులను తొలుచు పచ్చని గొంగళిపురుగు మనుష్యుని మెదడును చేరజాలదు. భయపడవలసినది కంటికి కనబడని బద్దెపురుగు గ్రుడ్లకు. సరిగా ఉడకని పందిమాంసము తినినవారి ప్రేగులలో ఈ బద్దెపురుగు పెరుగును. దాని గ్రుడ్లు వారి మలముతో వెలువడి, మురుగునీటి ద్వారా కూరతోటలను చేరును. అట్టి నీరు పారిన తోటలోని ఆకును పచ్చిగా తినినచో, ఆ గ్రుడ్లనుండి వెలువడిన పిల్లలు నెత్తురుతో మెదడును చేరి తిత్తులుగా ఏర్పడవచ్చును. శాకాహారులకు సైతము మూర్ఛలు వచ్చుట ఇందువలన సంభవించుచున్నది. ఒక్క క్యాబేజీయే దోషి కాదు. మురుగు తగిలిన కొత్తిమీరయు, ముల్లంగియు అంతే ప్రమాదకరములు. పొరలు ఎక్కువగుటచే క్యాబేజీని కడుగుట మాత్రము కష్టము.

కనుక ఏ నీటితో పెరిగినదో తెలిసిన క్యాబేజీ మేలు. పెరడు లేని ఇంటివారు డాబాపై కుండలలోనైనను దీనిని పెంచవచ్చును. ఒక అడుగు లోతు గల కుండలో ఒక మొక్క చాలును.

ఇది చలిని కోరు పంట. సూరతులో శీతకాలపు రాత్రులు సాధారణముగా 15 డిగ్రీల ప్రాంతమునకు మాత్రమే దిగును. అందుచే త్వరగా కాపునకు వచ్చు గోల్డెన్ ఏకర్ వంటి రకములు తగినవి. వానలు వెనుకబట్టిన పిమ్మట, సెప్టెంబరు చివరనుండి అక్టోబరులోగా, నారు పోయవలెను. విత్తనములను ఒక సెంటీమీటరు లోతున చల్లి, సన్నని మట్టి కప్పి, పూలకుండతో నీరు చిలుకరింపవలెను. నాలుగైదు వారములకు మొక్క నాలుగైదు ఆకులు తొడుగును. అప్పుడు సాయంకాలము చల్లబడిన వేళ 45 సెంటీమీటర్ల ఎడముతో నాటవలెను.

అచటి నల్లరేగడి నీటిని పట్టి ఉంచును. క్యాబేజీ వేళ్లకు నీరు నిలుచుట సరిపడదు. మళ్లను ఎత్తుగా కట్టి, ఇసుకయు, బాగుగా చివికిన పశువుల ఎరువును కలుపవలెను. 2006వ సంవత్సరము ఆగష్టులో తాపీ నది పొంగి నగరములో అధికభాగము మునిగినది. అట్టి వరదగాని మురుగుగాని సోకిన పెరటిలో ఆ ఏడు నేలపై కూరలు వేయక, శుభ్రమైన మట్టి నింపిన కుండలలో వేయుట మంచిది. గ్రుడ్లు తడి మట్టిలో నెలల తరబడి బ్రదికియుండును.

నీరు సమముగా అందవలెను. మొక్కను ఎండగట్టి పిదప ఒక్కసారిగా తడిపినచో గడ్డ పగులును. ఇంటి సాలకము నీటిని ఎంతమాత్రమును పెట్టరాదు. ఆకుల అడుగున చేరు పురుగులను ఉదయమున చేతితో ఏరివేయవలెను. చుట్టును ఆవాలు చల్లినచో రెక్కపురుగులు కొంతవరకు ఆ మొక్కలకే మరలును. అప్పటికిని తగ్గనిచో వేపగింజల పప్పును దంచి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రియంతయు నానబెట్టి, వడగట్టి, కొలదిగా సబ్బు కలిపి చల్లవలెను.

నాటిన రెండు నెలలు దాటునప్పటికి గడ్డ గట్టిపడును. వ్రేలితో నొక్కినను లొంగనిచో కోయవచ్చును.

పెరటి క్యాబేజీయైనను పై ఆకులను తీసివేసి, తక్కిన ఆకులను విడదీసి, ధారగా పడు మంచినీటిలో కడుగవలెను. ఉప్పునీటిలో వేయుటచే పురుగులు బయటపడునేగాని, బద్దెపురుగు గ్రుడ్లు చచ్చునని నమ్మరాదు. వానిని చంపునది బాగుగా ఉడికించుటయే. గుజరాతీల సంభారో పైపైన వేగించునదగుటచే, ఎచట పండినదో తెలియని క్యాబేజీతో దానిని చేయకుండుట మేలు. శనగపప్పు కూర వండువారు పప్పును ముందుగా ఉడికించుకొని, తరిగిన క్యాబేజీని కొద్ది నీటితో మూతబెట్టి మగ్గింపవలెను. నీరు ఎక్కువగా పోసి ఉడికించి వార్చివేసినచో సి విటమిను అందులోనే పోవును.

ఇంటిలో ఎవరి ప్రేగులలోనైనను బద్దెపురుగు ఉన్నచో, మలవిసర్జన పిమ్మట సబ్బుతో కడుగని వారి చేతులనుండియు గ్రుడ్లు అన్నములోనికి రాగలవు. మలములో తెల్లని బద్దెముక్కలు కనబడినవారును, మూర్ఛ వచ్చినవారును ఆలస్యము చేయక ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. ఈ రెండింటికిని చికిత్స కలదు.