పాలు లేని పళ్లెం: ఒక్కసారైనా రుచి చూడాల్సిన ఐదు వంటలు



మన గుడి పిల్లల్లో కొందరు పాలు, పెరుగు, నెయ్యి, తేనె మానేశారు. మాంసం, గుడ్లతో పాటు వీటిని కూడా ముట్టని భోజనాన్ని వీగన్ అంటున్నాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలకు "పెరుగన్నం లేకుండా అదేం భోజనం?" అని బెంగ. పిల్లలకేమో ప్రసాదం అందుకోవాలా వద్దా అని సంకోచం. వంటశాల సేవలో ఉన్న మేము ఈ రెండూ ప్రతి ఆదివారం చూస్తున్నాం. అందుకే ఈసారి పాఠంలో ఐదు వంటల గురించి చెప్పుకుందాం. పాలు లేకుండా కమ్మగా వండటం లోకంలో చాలామందికి ఎప్పటినుంచో అలవాటేనని ఇవి చెబుతాయి.

1. ఇథియోపియా ఉపవాస భోజనం

అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ, ఈస్టర్‌కు ముందు 55 రోజులూ మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. మనలో శనివారాలు, ఏకాదశులు పాటించేవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. టెఫ్ అనే సన్నటి ధాన్యం పిండిని కొన్ని రోజులు పులియబెట్టి, ఒకవైపే కాల్చిన పెద్ద అట్టు ఇంజెరా. దాని మీద కారంగా వండిన మసూర్ పప్పు, శనగపిండి కూర, క్యాబేజీ వడ్డిస్తారు. ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని చేత్తో తింటారు. హోటల్లో ఉపవాసం రోజు వడ్డించే భోజనమే కావాలని అడగండి. మామూలు రోజుల్లో మసాలా వేసి కాచిన నెయ్యి వాడతారు.

2. జపాన్ నువ్వుల తోఫు

పేరుకు తోఫు గానీ ఇందులో సోయా ఉండదు. నువ్వుల ముద్ద, కుడ్జు దుంప పిండి, నీళ్ళు కలిపి, అడుగంటకుండా తిప్పుతూ ఉడికించి చల్లారిస్తే జున్నులా గట్టిపడుతుంది. ఇది బౌద్ధ మఠాల వంట. మన మడి వంటలో లాగే అక్కడా ఉల్లి, వెల్లుల్లి వాడరు. దోగెన్ అనే గురువు 1237లో మఠం వంటవాడి బాధ్యతల మీద ఏకంగా ఒక గ్రంథం రాశాడు. బియ్యం కడగడం కూడా ఆయన దృష్టిలో సాధనే.

3. జావా టెంపే

నానబెట్టి, పొట్టు తీసి, ఉడికించిన సోయా గింజలకు రైజోపస్ అనే బూజును పట్టిస్తారు. అరిటాకులో చుట్టి, సుమారు 30 డిగ్రీల వెచ్చదనంలో ఒకటి రెండు రోజులు ఉంచితే తెల్లటి అచ్చులా బిగుస్తుంది. బూజు అనగానే మొహం తిప్పుకోకండి. మన ఇడ్లీ పిండి పొంగేది కూడా సూక్ష్మజీవుల వల్లే కదా. పలచటి ముక్కలు కోసి, పసుపు, ధనియాల పొడి, ఉప్పు కలిపిన నీళ్ళలో కాసేపు ఉంచి, నూనెలో వేయించండి. పప్పుచారు పక్కన వడియాల్లా బాగుంటాయి.

4. మెక్సికో నాగజెముడు

ఊళ్ళో పొలం గట్ల మీద చూసిన ముళ్ళ నాగజెముడే! దాని లేత మట్టలను మెక్సికోలో నొపాలెస్ అంటారు. అమెరికాలోని మెక్సికన్ దుకాణాల్లో ముళ్ళు తీసినవి దొరుకుతాయి. ముక్కలు కోస్తే బెండకాయలా జిగురు వస్తుంది. చికిత్స కూడా బెండకాయదే: మూత పెట్టకుండా, జిగురు ఆరేదాకా వేయించడం. కాస్త పుల్లగా ఉంటుంది కాబట్టి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ చాలు.

5. గోదావరి పనసపొట్టు కూర

ఇన్ని దేశాలు తిరిగి మన పెళ్ళి పంక్తికే వచ్చాం. లేత పనసకాయను సన్నగా కొట్టిన పొట్టును ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీరు పిండి, ఇంగువ పోపులో చింతపండు పులుసుతో మగ్గించాలి. నూరిన ఆవముద్ద పొయ్యి దించాకే కలపాలి. లేకపోతే ఘాటు పోతుంది. ఇక్కడ ఉప్పునీళ్ళ డబ్బాల్లో దొరికే లేత పనసతోనూ చేయొచ్చు. తీపి పాకంలో ఉన్న డబ్బా మాత్రం కొనకండి.

ఒక జాగ్రత్త

బీ12 విటమిన్ మొక్కల నుంచి నమ్మదగినంతగా దొరకదు. టెంపే తింటే సరిపోతుందనుకోవద్దు. వీగన్ పిల్లలకు బీ12 మాత్రలో, అది చేర్చిన ఆహారమో తప్పనిసరి. ఎంత అవసరమో డాక్టరును అడగండి.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

ఈ వారం మీ ఇంట్లో వండినవాటిలో పాలు, నెయ్యి పడనివి ఎన్నో పిల్లల చేత లెక్క రాయించండి. చిన్నప్పుడు తిన్న పండగ వంటల్లో పాలు లేనివి ఏవో అమ్మమ్మ, తాతయ్యలను చెప్పమనండి. పై ఐదింటిలో ఒకటి కలిసి వండండి.

మన ప్రసాదాల్లో పంచామృతంలో పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఉంటాయి. పానకం, వడపప్పు, నూనె పోపుతో చేసిన పులిహోరలో అవేవీ ఉండవు. ప్రసాదం వండి తెచ్చే కుటుంబాలకు మా విన్నపం ఒక్కటే: గిన్నె మీద "పాలు, నెయ్యి ఉన్నాయి" అనో, "లేవు" అనో చిన్న చీటీ అంటించండి. అప్పుడు ఏ పిల్లా చేయి వెనక్కి తీసుకోనక్కర్లేదు.