ఆటకాండ్రు వెడలిపోయిన జట్టు

ఈ వేసవితో మన పాఠశాల ఫుట్‌బాలు జట్టునుండి పదవ తరగతివారు ఏడుగురు వెడలిపోవుచున్నారు. గోలు కాచువాఁడును, బ్యాకు లిరువురును, గడచిన రెండేండ్లలో మన గోలులలో సగమునకు మించి చేసిన ఫార్వర్డును ఆ యేడుగురిలోని వారే. "వచ్చే యేడు మనకు జట్టెక్కడిది?" అని చిన్న తరగతుల బాలురు మమ్ము నడుగుచున్నారు. తల్లిదండ్రులును కొందఱడిగిరి.

ఈ చిక్కు సిద్దిపేటలో క్రొత్తగా పుట్టినది కాదు. ఇచటికి నూఱు కిలోమీటర్ల దూరములోనున్న హైదరాబాదు నగరము దీనిని పలుమాఱు లెదుర్కొనినది. ఆ కథను మన బాలురు వినవలెనని మా కోరిక.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు 1963 వఱకు శిక్షకులుగా నుండినవారు సయ్యద్ అబ్దుల్ రహీముగారు. వారు వృత్తిచే బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో బోధించిరి. (మా తోడి యుపాధ్యాయులు ఈ వాక్యమును రెండుమాఱులు చదువుకొన్నను తప్పులేదు.) వారి జట్టు బొంబాయిలో రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదుమాఱులు గెలిచినది. వారి శిక్షణమున భారతజట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో స్వర్ణపతకము లందినది. 1956లో మెల్బోర్ను ఒలింపిక్కులలో నాలుగవ స్థానమున నిలిచినది.

అయితే పేరు మ్రోగినకొలఁది పిలుపులును వచ్చును. కలకత్తా క్లబ్బులకు ధన మధికము, చూపరులు వేలకొలఁది. హైదరాబాదు ఆటకాండ్రు ఒక్కరొక్కరుగా అటు పోసాగిరి. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పేదయింట పుట్టిన తులసీదాసు బలరాముఁడను బాలుని ఆటను చూచి రహీముగారు శిక్షణమునకు రమ్మనిరి. అంత దూరము వచ్చుటకు డబ్బు లేదని బాలుఁడు చెప్పఁగా, అద్దె సైకిలునకు డబ్బిచ్చి రప్పించుకొనిరి. ఆ బలరాముఁడే 1957లో ఈస్ట్ బెంగాలు క్లబ్బులో చేరెను. పెంచినవాని మనస్సు నొవ్వకుండునా? బలరాముఁడు పోలీసు జట్టువాఁడు కాఁడు గాని, నగరమునకు మాత్రమది నష్టమే. అయినను, 1956 డ్యూరాండు ఫైనలులో తన్ను నోడించిన ఈస్ట్ బెంగాలునే 1957 ఫైనలులో నోడించి సిటీ పోలీసు జట్టు కప్పు తెచ్చుకొనినది.

దీనికి కారణము రహీముగారి బోధనాపద్ధతియే యని మా యభిప్రాయము. వారు బాలురకు రెండు విచిత్రమైన పోటీలు పెట్టుచుండిరి. ఒకదానిలో డ్రిబ్లింగు నిషిద్ధము. బంతి కాలికి తగిలినతోడనే మఱొకరికి పాసు చేయవలెను. ఇట్టి యాటలో ఎంతటి నేర్పరియైనను బంతిని తనయొద్దనే యుంచుకొనలేఁడు. తోడివాఁ డెచట నున్నాఁడో బంతి రాకమునుపే చూచుకొనవలసియుండును. రెండవదానిలో బలహీనమైన కాలితోడనే ఆడవలెను. కుడికాలివాఁడు ఎడమకాలితో తన్ని తన్ని, కొన్ని నెలలకు రెండు ప్రక్కలను ఆడఁగలవాఁ డగును. ఈ రెండును నేర్చిన జట్టులో ఒకఁడు పోయినప్పుడు ప్రక్కవాఁడు ఆ చోటికి జరగఁగలఁడు. ఆట యొక్కని కాళ్లమీఁద వ్రేలాడదు.

రహీముగారు 1963 జూన్ 11న పుండువ్యాధిచే, అనఁగా క్యాన్సరుచే, మరణించిరి. వారు నాటినది వెంటనే యెండలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచినది. కాని 1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబు ఇరువురును ఈస్ట్ బెంగాలులో చేరిరి. 1970 బ్యాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యపతకము తెచ్చిన భారతజట్టునకు ఆ నయీముద్దీనే నాయకుఁడు. వారు పోవుట తప్పని మే మనము; ఆటకాఁడును అన్నము తినవలసినవాఁడే. కాని సంతోష్ ట్రోఫీ మరల ఆంధ్రప్రదేశ్‌కు రాలేదు. 1957లో ఒకఁడు పోయినప్పుడు వెనుక బాలురను తీర్చు పంతులుండెను. 1966లో ఆ పంతులు లేఁడు.

ఇటీవలి కథ యొకటి కలదు. 2019లో వెలసిన హైదరాబాదు ఎఫ్.సి. అను క్లబ్బు, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో నోడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచినది. ఏడాది తిరుగఁగానే, 2023లో, శిక్షకుఁడు మనోలో మార్కెజ్ వెడలెను. గోలులు కుమ్మరించిన ఒగ్బెచే వెడలెను. జీతములు బకాయిపడఁగా తక్కినవారిలో పెక్కురు వెడలిరి. క్రొత్తవారిని చేర్చుకొనరాదని నిషేధము వచ్చెను. 2023-24లో థాంగ్‌బోయ్ సింగ్టో అను శిక్షకుఁడు మిగిలిన కుఱ్ఱవాండ్రతోనే ఇరువదిరెండు ఆటల పోటీని ముగించెను. గెలిచిన దొకటి, సరిసమానము లైదు. ఎనిమిది పాయింట్లతో కడపటి స్థానము. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయినది. ఆ కుఱ్ఱవాండ్రను చూచి నవ్వినవారు కలరు. మాకు మాత్రము నవ్వు రాలేదు. వారము వారము ఓడుచు, మరల బూట్లు తొడిగికొని మైదానమునకు వచ్చుట సులభము కాదు. పెద్దవారుండఁగా వారికి తగినంత ఆట చిక్కియుండిన, ఇంత దెబ్బ తగిలియుండదేమో.

మన జట్టు విషయమునను మేము చేసిన తప్పిదే. గడచిన రెండేండ్లలో ప్రతి యాటకును ఆ పదునొకండుగురినే దింపితిమి. గెలుపు తీపి అట్టిది. ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలురు గట్టుమీఁద కూర్చుండి చప్పట్లు కొట్టిరి. జూన్ నుండి ప్రతి శనివారము సాయంత్రము డ్రిబ్లింగు లేని ఆట యొకటి, బలహీనమైన కాలి ఆట యొకటి జరుగును. వెడలిపోవువా రేడుగురును పరీక్షలు ముగిసిన పిమ్మట పదిదినము లుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్నవానికి తమ చోటు నేర్పుటకు ఒప్పుకొనిరి. గోలు కాచువాఁడు అంతవఱకు ఆగలేదు. సాయంకాలములందు ఎనిమిదవ తరగతి బాలు నొకని గోలులో నిలిపి బంతులు తన్నుచున్నాఁడు. మొన్న పదింటిలో నాలుగు పట్టెను.